పరాయి తీరాన పెండ్లి – మగవారి కట్టుబట్ట

పెండ్లి పిలుపు అందిన నాడే ఇంట్లో ఆడవారి చీరల బీరువా తెరుచుకుంటుంది. మగవారి సంగతి ఎవరూ అడగరు, వారూ ఆలోచించరు. ఉన్నవాటిలో మంచి ప్యాంటు, ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని బయలుదేరితే సరిపోయిన రోజులు మనలో చాలామందికి గుర్తే. టౌన్‌షిప్ కమ్యూనిటీ హాలులో జరిగే పెండ్లికి జనరల్ షిఫ్టు ముగించుకుని నేరుగా వచ్చి, అక్షింతలు వేసి, పంక్తిలో కూర్చుని భోంచేసి వెళ్ళిన వారిని ఏ ఇంటి పెద్దా తప్పు పట్టలేదు.

ఇప్పుడు పెండ్లి ఊరు మారింది. వరుడు బెంగుళూరులో, వధువు పుణేలో, వారి తల్లిదండ్రులు మన వంటి టౌన్‌షిప్పులలో ఉంటారు. లగ్నం మాత్రం సముద్రం ఒడ్డునో, సరస్సు పక్కనో ఒక విడిదిలో. గోవా, కోవళం, కుమరకం, అండమాన్. చేతి నిండా ధనమున్న వారికి శ్రీలంక, బాలి, థాయిలాండ్. డెస్టినేషన్ వెడ్డింగ్ అనే మాట ఇప్పుడు మన క్యాంటీన్‌లో సైతం వినిపిస్తున్నది. దానితో పాటే శుభలేఖ అడుగున చిన్న అక్షరాలలో ఒక కొత్త పంక్తి కూడా వచ్చి చేరింది: అతిథులు ఏ పూట ఏమి ధరించి రావలెనో తెలిపే ఆజ్ఞ.

2023 మే నెలలో జరిగిన ఒక పెండ్లికి మాకు అటువంటి శుభలేఖ అందింది. వరుని తండ్రి మా విద్యుత్కేంద్రంలోనే ఉన్నత పదవిలో పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దమనిషి. వధువు తండ్రి కూడా ఇక్కడే ఇరవై ఏళ్ళకు పైగా ఇంజనీరుగా పనిచేసిన మలయాళీ. పిల్లలిద్దరూ మన టౌన్‌షిప్ బడిలో ఒకే బల్ల మీద చదువుకున్నవారు. పెండ్లి కొట్టాయం దగ్గర కుమరకంలో, వేంబనాడు సరస్సు ఒడ్డున. 2000 సంవత్సరాంతంలో అప్పటి ప్రధానమంత్రి వాజపేయి గారు విశ్రాంతికి వచ్చి బస చేసినది ఈ ఊరిలోనే. శుభలేఖ అడుగున ఇంగ్లీషులో ఇలా ఉంది: ఉదయం సంప్రదాయ దుస్తులు, సాయంత్రం సరస్సు తీరాన జరిగే విందుకు పురుషులకు సూటు.

మేము ఏడుగురం బయలుదేరదలచాము. ఏడుగురిలో సూటు ఉన్నవారు ఇద్దరే. అందులో ఒకరిది తన పెండ్లి నాటిది, పొట్ట దగ్గర గుండీ పడదు. మిగిలినవారం జిల్లా కేంద్రంలోని దర్జీ దగ్గరకు వెళ్ళాము. గుడ్డ, కుట్టుకూలి కలిపి 18 వేల రూపాయలన్నాడు. ఒక్క సాయంత్రానికి ఇంత ఖర్చా అని మనసులో అనిపించినా ఎవరమూ పైకి అనలేదు. పరువు పేరిట జరిగే ఖర్చులో మొదట మూతపడేది నోరే కదా.

మర్నాడు ఏడవవాడు రానన్నాడు. ఆయన ఫిట్టరుగా చేరి, ముప్ఫై నాలుగేళ్ళు టర్బైను నిర్వహణ విభాగంలో పనిచేసి, ఫోర్‌మన్‌గా మరుసటి సంవత్సరం విరమించవలసినవాడు. "మీరు పోయి రాండి సార్, నాకు నైట్ షిఫ్ట్ పడ్డది," అన్నాడు. డ్యూటీ చార్టు చూస్తే ఆ వారం ఆయనకు నైట్ షిఫ్ట్ లేదు. కూతురి నర్సింగు చదువుకు ఫీజు కట్టవలసిన నెల అది అని తరువాత తెలిసింది. వరుని తండ్రికీ ఆయనకూ ఉన్న స్నేహం మా అందరికీ తెలిసినదే. ఎన్ని ఓవర్‌హాలింగులలో వారిద్దరూ రాత్రులు రాత్రులు టర్బైను పక్కనే గడిపారో లెక్కలేదు. అటువంటి మనిషిని పెండ్లికి దూరం చేసినది ఒక ముద్రిత వాక్యం. దానిని పాటించడానికి సిద్ధపడిన మేము కూడా అందులో పాలుపంచుకున్నట్లే.

మాలో ఒకరు చొరవ చేసి వరుని తండ్రికి ఫోను చేశారు. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ పంక్తి పెండ్లి ఏర్పాట్లు చూసే సంస్థవారు వేయించినదట, తాను చదవనే లేదట. ఆ సాయంత్రమే ఫోర్‌మన్‌కు ఆయన దగ్గర నుండి పిలుపు వచ్చింది. ఏమి మాట్లాడుకున్నారో మాకు తెలియదు. "నేను దోతి కట్టుకొని వస్త అన్న. నేను కూడ గదే కడుత అన్నడు పెద్దసారు," అని మాత్రం ఆయన మాకు చెప్పాడు. మా సూట్లు అప్పటికే దర్జీ కత్తెర కింద పడ్డాయి. కనుక మేము వెనుకకు తగ్గలేదు. ఆ తెలివితక్కువతనానికి ఫలితం కూడా అనుభవించాము.

ఎండ ఒకటి, ఉక్క ఒకటి

కుమరకంలో మే నెల పగటి ఉష్ణోగ్రత 33 డిగ్రీల దరిదాపులలో ఉంటుందని విని మేము నవ్వుకున్నాము. గోదావరి గట్టున 45 డిగ్రీల ఎండలో యాష్ పాండ్ చుట్టూ తిరిగేవారికి 33 ఒక లెక్కా? అక్కడే పొరబడ్డాము. మనది పొడి ఎండ. చెమట పట్టినట్లే తెలియకుండా ఆరిపోతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరి అయితే దేహం నుండి సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. ఆవిరి అయితేనే సుమా. చొక్కాను తడిపి, గడ్డం మీదుగా కారి నేల మీద పడిన చెమట వలన ఏ చల్లదనమూ లేదు. గాలిలో తేమ నిండుగా ఉన్నచోట చెమట కారుతుందే కానీ ఆరదు.

కూలింగ్ టవరు దగ్గర పనిచేసే మన సోదరులకు ఇది వివరించనక్కరలేదు. తడి బల్బు ఉష్ణోగ్రతకు దిగువగా ఏ టవరూ నీటిని చల్లబరచలేదు. గాలిలో తేమ ఎక్కువైన నాడు కండెన్సరు వాక్యూమ్ పడిపోయి ఆపరేటరు తల పట్టుకుంటాడు. మనిషి దేహం కూడా అటువంటి టవరే. ఊరకే కూర్చున్నా సుమారు 100 వాట్ల వేడిని పుట్టిస్తూ ఉంటుంది. ఆ వేడి బయటికి పోవాలి. అటువంటి దేహానికి బనియను, దానిపై చొక్కా, ఆపై పాలియెస్టరు లైనింగుతో కుట్టిన టెర్రీవూల్ కోటు, మెడకు టై బిగించడమంటే, ఆవిరి గొట్టానికి మనం లాగింగ్ చుట్టడం వంటిదే. గొట్టానికి వేడి నిలవాలని చుడతాము. మనిషికి ఎందుకు చుట్టాలి?

చలిదేశాల మనుషులు తమ చలికి తగినట్లు కోటును కుట్టుకున్నారు. వారి తప్పు లేదు. ఆ కోటునే మర్యాదకు కొలబద్దగా మనం తలకెత్తుకోవడం దగ్గర చిక్కు వచ్చింది. ఆ కొలబద్ద తయారైన దేశపు నౌకాదళం వారే ఉష్ణమండలానికి వచ్చినప్పుడు కోటు విడిచి, చొక్కా మీద నడుముకు పట్టీ కట్టి విందుకు కూర్చునే పద్ధతి పెట్టుకున్నారు. దానికి ఎర్ర సముద్రం పేరే పెట్టారు.

తూర్పు దేశాలు ఈ విషయంలో మనకంటె తెలివి చూపాయి. ఫిలిప్పీన్స్‌లో అనాస ఆకు నారతో నేసిన పలుచని బరోంగ్ చొక్కాను ప్యాంటులోకి దోపకుండా వదిలి వేసుకోవడమే నిండు మర్యాద. 1953 డిసెంబరులో రామోన్ మగ్‌సేసే అధ్యక్షుడుగా ప్రమాణం చేసినది ఆ చొక్కాతోనే. ఆయన పేరిట ఇచ్చే పురస్కారం మన వారు ఎందరికో లభించింది కానీ ఆ చొక్కా సంగతి మాత్రం మనకు రాలేదు. ఇండోనేసియాలో నిండు చేతుల బాతిక్ చొక్కా పెండ్లికీ, కచేరీకీ, రాజసభకూ చెల్లుతుంది. బాతిక్ కళకు 2009లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అదే సంవత్సరం బంగ్లాదేశ్ ప్రభుత్వం విద్యుత్తు ఆదా కోసం తన పురుష ఉద్యోగులను సూటు, టై మానమన్నది. ఏసీని కోటుకు తగినట్లు చల్లబరచవలసి వస్తున్నదనీ, కోటు తీస్తే ఏసీ తగ్గించవచ్చుననీ వారి వాదం. విద్యుత్తు ఉత్పత్తి చేసే మనకు ఈ లెక్క నచ్చాలి.

మన దగ్గర కథ వేరు. 2014 జూలైలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు పంచె కట్టుకుని ఒక పుస్తకావిష్కరణకు వెళితే, ఆ సభ జరిగే క్లబ్బువారు లోపలికి రానివ్వలేదు. గొడవ శాసనసభ దాకా వెళ్ళి, పంచెకట్టుతో వచ్చినవారిని అడ్డగించడం నేరమని తమిళనాడు ప్రభుత్వం అదే సంవత్సరం చట్టం చేసింది. తన సొంత ఊరిలో తన తాతల బట్ట కట్టుకోవడానికి మనిషికి చట్టం అవసరమైంది!

ఈ సందర్భంలో మన పాత సఫారీ సూటును తలచుకోకుండా ఉండలేము. 1970లు, 80లలో ప్రభుత్వ రంగ సంస్థలలో అధికారి అంటే సఫారీయే. పొట్టి చేతులు, తెరిచిన మెడ, టై లేదు: కుట్టు మన వాతావరణానికి చక్కగా తగినదే. దానిని పాలియెస్టరుతో కుట్టించి చెడగొట్టుకున్నాము. బూడిదరంగు సఫారీలో వీపు మీద చెమట గీసిన పటాలు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లున్నాయి.

నిజానికి మన పెండ్లి తంతులోనే ఈ ప్రశ్నకు సమాధానం ఉంది. ఎంతటి సంపన్నుల ఇంటనైనా, ఎన్ని పట్టుచీరలు మారినా, ముహూర్తానికి వధూవరులు కట్టుకునేవి మధుపర్కాలు. తెల్లని నూలుబట్ట, సన్నని అంచు, పసుపు. మన లగ్నాలు ఎక్కువగా వచ్చేది వైశాఖ జ్యేష్ఠాలలో. పక్కన హోమగుండం. ఆ వేడిలో గంటలకొద్దీ కూర్చునేవారికి పెద్దలు నూలును నిర్ణయించారు. పీటల మీది వరుడు నూలు కట్టి, పీటల ముందు కూర్చున్న చుట్టం కోటు తొడగడం ఏ శాస్త్రమో మాకు బోధపడదు.

కుమరకంలో ఏమి జరిగింది

వరంగల్లులో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఒక రాత్రి, మరుసటి పగలు ప్రయాణించాము. పాలక్కాడు కనుమ దాటగానే కిటికీలోంచి వచ్చే గాలి మారిపోయింది. చల్లగా అనిపించింది కానీ చేతికి అంటుకుంటున్నది. కొట్టాయంలో దిగేసరికి ఇస్త్రీ మడతలన్నీ పోయాయి.

ఉదయం లగ్నం. వధువు వైపు మగవారందరూ, పదేళ్ళ పిల్లవాని నుండి తొంభై ఏళ్ళ ముత్తాత దాకా, కసవు అంచు తెల్లని ముండు కట్టి తేలికైన చొక్కా తొడిగారు. చూడగానే ఎవరు మేనమామో, ఎవరు ఆఫీసు డ్రైవరో తెలియలేదు. అది మాకు చాలా నచ్చింది. మా వరుని తండ్రి కరీంనగరం నేత పంచె గోచీ పోసి కట్టి, కండువా వేసుకుని వచ్చారు. పక్కన మా ఫోర్‌మన్ అదే తీరున. ఆయన మేనమామలు మగ్గం నేసినవారు. ఆ రోజు కట్టిన దోతి తన పెండ్లికి వారు నేసి ఇచ్చినదట. ముప్ఫై ఏళ్ళయినా అంచు రంగు పోలేదు.

మేము సంప్రదాయ దుస్తుల కింద పాలియెస్టరు కలిసిన మెరుపు కుర్తాలు వేసుకుని వెళ్ళాము. లగ్నం అరగంటలో ముగిసింది. నాయర్ల పెండ్లిలో తంతు తక్కువ. తాళి కట్టి, దండలు మార్చుకుని, వరుడు వధువు చేతికి పుడవ అనే కొత్తబట్ట అందిస్తాడు. పెండ్లి నడుమనే బట్టకు అంతటి స్థానం. మా పురోహితుడు జీలకర్ర బెల్లం, తలంబ్రాలు కూడా జరిపించేసరికి మరో గంట. ఆ గంటలో మా కుర్తాలు వీపులకు అతుక్కుపోయాయి. పిమ్మట అరటి ఆకులో సద్య. పప్పు, నెయ్యి, సాంబారు, అవియల్, పాయసాలు వరుసగా వస్తూనే ఉన్నాయి. చేతుల గుండీలు విప్పి మడుచుకోలేని కుర్తాతో ఆ పాయసం తిన్న తీరు ఇక్కడ వ్రాయము.

సాయంత్రం ఆరు గంటలకు సరస్సు గట్టున విందు. మేము సూట్లు తొడిగాము. మధ్యాహ్నం ఒక జల్లు పడి వెలిసింది. గాలి పూర్తిగా ఆగిపోయింది. నీటి మీది ఆవిరి, దోమలు, దీపాల వేడి. అర్ధగంట గడిచేసరికి మాలో అందరికంటె పెద్దవారు, రక్తపోటు ఉన్నవారు, మాట తడబడి కుర్చీలో జారిపోయారు. మొదట పరుగెత్తుకొచ్చినది ఫోర్‌మన్. బాయిలరు పక్కన పనిచేసేవారికి మన భద్రతా విభాగం ఇచ్చే ప్రథమ చికిత్స శిక్షణ ఆయన చేతులకు అలవాటే. టై విప్పి, కోటు, బూట్లు తీసి, నేల మీద పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచి, తన కండువాను నీటిలో తడిపి మెడకూ చంకలకూ అద్ది, విసరమని మాకు చెప్పాడు. తెలివి వచ్చాక ఉప్పు కలిపిన మజ్జిగ పట్టించారు. పెండ్లికి వచ్చిన డాక్టరుగారు పరీక్షించి, వేడికి డస్సిపోయారని, కోటు ఇంకొంతసేపు ఉంచితే ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చేదని అన్నారు. మిగిలిన మేము ఒకరి ముఖం ఒకరం చూసుకుని కోట్లు విప్పి కుర్చీలకు తగిలించాము. వరుని స్నేహితులైన కుర్రవాళ్ళు అప్పటి దాకా ఎవరైనా ముందు విప్పుతారా అని ఎదురు చూస్తున్నట్లున్నారు. పది నిమిషాలలో ఆ గట్టు మీద ఒక్క కోటు లేదు.

ఏది కట్టాలి, ఏది వద్దు

ఇక పాఠకులకు పనికివచ్చే మాటలు. మొదటిది, అడగండి. శుభలేఖ మీద ఏమున్నా పెండ్లివారికి ఫోను చేసి, తంతు ఎవరి పద్ధతిలో, ఏ పూట, గదిలోనా బయటనా, ఇసుక మీదా పచ్చిక మీదా అని తెలుసుకోండి. ఇందులో చిన్నతనం లేదు. మేము ముందే అడిగి ఉంటే ఒక్కొక్కరికీ 18 వేలు మిగిలేవి.

నూలును మించిన బట్ట ఇటువంటి చోటికి లేదు. అవిసె నారతో నేసే లినెన్ తేమను ఇంకా త్వరగా పీల్చి వదులుతుంది. కూర్చుంటే ముడతలు పడుతుంది, పడనివ్వండి. పట్టు పంచె చూడ ముచ్చటే కానీ చెమట పట్టుకు శత్రువు. మరకలు పోవు, పోగు కూడా బలహీనపడుతుంది. లగ్నం వేళ గంటసేపు కట్టి మార్చుకోగలవారికే అది తగును. పొందూరు ఖాదీ పంచె ఇంట ఉన్నవారు అదృష్టవంతులు. వాలుగ చేప దవడ పళ్ళతో దువ్విన పత్తిని చేతితో వడికి నేసే ఆ బట్ట శ్రీకాకుళం సముద్రపు గాలిలో పుట్టినది కనుక ఉక్కకు బాగా తట్టుకుంటుంది. మంగళగిరి నూలు చొక్కా దాని పైకి సరిజోడు. పంచె జారిపోతుందనే భయమున్నవారు నడుముకు బెల్టు పెట్టుకోవచ్చు, ఎవరూ తొంగి చూడరు.

కేరళలో పెండ్లి అయితే ముండు కట్టుకోవడం ఇంటివారిని ఎంతో సంతోషపెడుతుంది. చేందమంగలం, బలరామపురం నేతబట్టలు పేరుపొందినవి. 2018 ఆగస్టు వరదలలో చేందమంగలం మగ్గాలు, పండుగకని నేసి ఉంచిన బట్ట అంతా బురద పాలయ్యాయి. ఆ పాడైన బట్టతో బొమ్మలు చేసి అమ్మగా వచ్చిన డబ్బు నేతగాళ్ళు మళ్ళీ నిలదొక్కుకోవడానికి తోడ్పడింది. అక్కడి ముండు ఒకటి కొంటే ఆ డబ్బు సార్థకం. రెండు పొరల ముండునే తీసుకోండి, ఒంటి పొరది పలుచన. ఒక మర్యాద గుర్తుంచుకోవాలి: నడకలో ముండును మోకాళ్ళ పైకి మడిచి కట్టుకోవడం అక్కడ అందరికీ అలవాటే కానీ, పెద్దలు ఎదురైతే ఆ మడత దించాలి. పెండ్లి పందిరిలో మడిచి కట్టి తిరగరాదు. రంగుల లుంగీని ముండుగా భావించి కట్టుకుని పోరాదు. అది ఇంటి బట్ట. గురువాయూరు, తిరువనంతపురం పద్మనాభస్వామి ఆలయాల వంటి చోట్ల దర్శనానికి పురుషులు ముండు కట్టి, చొక్కా విప్పి వెళ్ళే ఆచారం ఉంది. సంచిలో ఒక కండువా ఉంచుకోవడం మేలు. కొట్టాయం వైపు సిరియన్ క్రైస్తవుల పెండ్లికి పిలుపు వచ్చినా భయం లేదు. వారి పెద్దలు చర్చికి తెల్లని ముండు, జుబ్బాతో వెళ్ళేవారే.

ఇంతా చెప్పి సూటును పూర్తిగా నిషేధించలేము. గోవా కాథలిక్కుల ఇండ్లలో చర్చి పెండ్లికి సూటు తరతరాల ఆచారం. అక్కడ వరుని తండ్రి, మేనమామలు అందరూ సూటులోనే ఉంటారు. మనం పూల చొక్కాతో వెళితే సముద్రస్నానానికి వచ్చినవారిలా కనిపిస్తాము. ఆ పెండ్లిళ్ళు ఎక్కువగా చల్లని నెలలలో జరుగుతాయి కనుక కోటు భరించవచ్చు. లైనింగు సగమే ఉన్న పలుచని కోటు అయితే ఇంకా మంచిది. పెండ్లికి ముందు రోస్ అనే వేడుకకు పిలిస్తే మాత్రం పాత చొక్కా వేసుకోండి. వధూవరులకు కొబ్బరిపాలు పోసే వేడుక అది, పక్కవారి మీద పడకుండా ఉండదు.

బాలి ఆలయాలలో నడుము కింద సారోంగ్, దానిపై నడికట్టు తప్పనిసరి. శ్రీలంక బౌద్ధ ఆలయాలలో భుజాలు, మోకాళ్ళు కప్పుకుని, పాదరక్షలు విడిచి వెళ్ళాలి. తెలుపు అక్కడ గౌరవప్రదమైన రంగు. తెలుపు ప్రతిచోటా ఒకే అర్థం ఇవ్వదని కూడా గ్రహించాలి. మనకు శుభమైన తెలుపు ఉత్తరాదిన కొందరికి అశుభాన్ని స్ఫురింపజేస్తుంది. పైనుండి కింది దాకా నలుపు మాత్రం మన వైపు ఏ పెండ్లికీ వద్దు. పెద్దవారు చూసి బాధపడతారు, వేడిని కూడా పట్టి ఉంచుతుంది.

కాళ్ళ సంగతి. ఇసుక మీద తోలు బూట్లు పనికిరావు, పందిరిలో ఎలాగూ విడవాలి. మేజోళ్ళు విప్పుతూ తొడుగుతూ గుంజకు ఆనుకుని నిలబడే అవస్థ కంటె మంచి తోలు చెప్పులు నయం. సాయంత్రం నీటి ఒడ్డున దోమలుంటాయి కనుక చొక్కాకు నిండు చేతులు ఉండాలి. చొక్కాలు పూటకు ఒకటి చొప్పున ఎక్కువే తీసుకుపోవాలి. ఉక్కలో ఉతికినవి రెండు రోజులకు గానీ ఆరవు. కేరళకు జూన్ మొదటి తేదీ ప్రాంతంలో వానలు వస్తాయి కనుక మే చివరి లగ్నాలకు గొడుగు తప్పదు.

పెండ్లి చేసేవారికి కూడా ఒక మాట. బట్టల గురించి శుభలేఖలో వేయించే ముందు, ఆ శుభలేఖను మీ స్నేహితులలో అందరికంటె తక్కువ జీతం ఉన్నవాని చేతిలో పెట్టినట్లు ఊహించుకుని ఒకసారి చదవండి. రంగు చెప్పదలిస్తే చెప్పండి, నూలు అయినా చాలునని కూడా వ్రాయండి. దూరపు ఊరికి రానుపోను టిక్కెట్టు పెట్టుకుని వచ్చే అతిథి చేత కొత్త బట్ట కుట్టించడం న్యాయం కాదు.

తిరుగు ప్రయాణంలో మా పెద్దాయన కింది బెర్తు మీద పడుకున్నారు, కులాసాగా ఉన్నారు. సూట్లు సంచుల అడుగున చేరాయి. రెండేళ్ళు దాటినా వాటిలో ఒకటే మళ్ళీ బయటికి వచ్చింది. అది కూడా డిసెంబరులో, ఢిల్లీలో, ఒక మీటింగుకు. ఫోర్‌మన్ తన దోతిని పై బెర్తు కమ్మీకి ఆరవేశాడు. కోయంబత్తూరు రాకముందే ఆరిపోయింది. ఎదుటి సీటులోని ఒక తమిళ పెద్దమనిషి దాని అంచును వ్రేళ్ళతో పట్టి చూసి, ఎక్కడి నేత అని అడిగాడు. ఆ తరువాత వారిద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే ఈరోడు దాకా పోగుల లెక్క మాట్లాడుకున్నారు.